కూడూ గుడ్డకి పోనన్న ఏడాది

గేటు పడబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నువ్వు కారు ఆపేదానివీ కాదు, నేను చూసేదాన్నీ కాదు. ఏలూరులో కంటి డాక్టరు దగ్గర చుక్కల మందు వేయించుకుని వస్తున్నాం కదా, నాకంతా మసక మసగ్గానే ఉంది. అయినా భీమడోలు గేటు దగ్గర ఆగగానే ఆ ఇంటిని పోల్చుకున్నాను. ఇల్లంటే ఇప్పుడు ఇల్లు కాదులే, ఒట్టి గోడలు. పైన పెంకులు దింపేశారు. టేకు దూలాలూ ద్వారబంధాలూ రోడ్డు వార వరసగా పడుకోబెట్టి బేరం పెట్టారు. ఒకాయన ద్వారబంధాన్ని గోటితో గీకి చూస్తున్నాడు. "ఎవరిది అమ్మమ్మా ఆ ఇల్లు, అలా చూస్తున్నావు" అన్నావు. "నేను పనికి పోనన్న ఇల్లు" అన్నాను. నీకు నవ్వొచ్చింది. పనిచేసిన చోట్లు ఎవరైనా చెప్పుకుంటారు గానీ పోనన్న చోట్లు చెప్పుకునేదాన్ని నిన్నే చూశానన్నావు. చెప్పుకుంటాను. ఎందుకు చెప్పుకోకూడదు? అందుకే నిన్ను కూర్చోబెట్టాను. కాయితాలు తెచ్చుకున్నావు కదా, రాయి. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. ముసలిది కదా, పోనీలే అని ఎక్కడా మెత్తబరచకు.

మా ఇల్లు కొల్లేట్లో, లంక మీద. లంక అంటే నీకిప్పుడు చేపల చెరువుల మధ్య తారు రోడ్డు కనిపిస్తుంది. అప్పుడు వానాకాలం వచ్చిందంటే గడప దిగితే నీళ్ళే. పక్కింటికి నిప్పుకి పోవాలన్నా దోనె ఎక్కాలి. తాటిమానుని నిలువునా చీల్చి, లోపలంతా తొలిచి చేసేవాళ్ళు దోనెని. ఇద్దరు సుఖంగా కూర్చోవచ్చు, మూడోవాళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. ఇల్లంతా ఎండు రొయ్యల వాసన, తడి వల వాసన. మాకది వాసనని తెలిసేది కాదు, బయటివాళ్ళు ముక్కు మూసుకుంటేనే తెలిసేది. మా అయ్య సూర్యుడు పొడిచేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. దోనె ఎక్కేముందు దోసిట్లో కొల్లేటి నీళ్ళు తీసుకుని పుక్కిలించి ఉమ్మేవాడు. ఆ రుచిని బట్టి పైనుంచి తమ్మిలేరు నీళ్ళు దిగాయో, కిందనుంచి ఉప్పుటేరు ఎగదన్నిందో చెప్పేసేవాడు. మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని కాలి బొటనవేలికి దారం తగిలించుకుని వల అల్లేవాడు. ఏమైనా అడిగితే, చేతిలో ఉన్న ముడి బిగించాకే జవాబు. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను ఎత్తుకు తిప్పింది మా అక్క వీరమ్మ.

కొల్లేటి గట్టు మీద వరిపొలాలున్న పెద్ద రైతుల్ని మేం కామందులనేవాళ్ళం. మాకు కావలసినవన్నీ వాళ్ళ గట్టు మీదే ఉండేవి. తాటిచెట్టు వాళ్ళది, వెదురు వాళ్ళది, చేప పడని రోజుల్లో గింజ వాళ్ళది. వాళ్ళు మాకు ఆ వస్తువులిస్తే మా వాళ్ళు మనిషిని ఇచ్చేవాళ్ళు. దోనెకి సరిపడే తాటిచెట్టుకి ఒక ఏడాది ఆడపిల్ల. ఏరువాక పున్నమికి వెళితే మళ్ళీ ఏరువాక పున్నమి దాకా కామందు ఇంట్లోనే ఉండి వాకిలి ఊడవాలి, పేడ తియ్యాలి, నీళ్ళు తోడాలి, అంట్లు తోమాలి. జీతం ఉండదు. కూడూ గుడ్డ, అంతే. ఏడాది చివర కొత్త చీర ఒకటి చేతిలో పెట్టి పంపేవాళ్ళు. మా అక్క వెళ్ళింది. ఏడాదికని వెళ్ళి, ఒకసారి వెదురుకీ ఒకసారి గింజకీ లెక్క పెరిగి మూడేళ్ళుంది. వెళ్ళకముందు మా అక్క పాట పాడితే అవతలి లంకకి వినిపించేది. వచ్చాక పక్కన కూర్చుని మాట్లాడినా వినిపించేది కాదు. కొట్టారా అంటే కొట్టలేదు, తిట్టారా అంటే అదీ లేదు. "పిలిస్తే పలకడమేగానీ, మనంతట మనం నోరు తెరిసే పనేముంటదే అక్కడ" అనేది. ఆ మాట నాకు ఎక్కడో దిగబడిపోయింది.

నాకు పదహారో పదిహేడో ఉన్న ఏడు పెద్ద గాలివాన వచ్చి మా దోనెని ఎటు తీసుకుపోయిందో తీసుకుపోయింది. పెళ్ళీడు పిల్లని కదా ఇంకా ఇంట్లో ఎందుకున్నావంటావేమో, ఆ ఏడు మా లంకలో పెళ్ళిళ్ళే లేవు. పైకప్పులు లేని ఇళ్ళలో ఎవరు పందిళ్ళు వేస్తారు? అయ్య గట్టు మీదికి వెళ్ళి ఒక తాటిమాను తెచ్చాడు. నెల రోజులు ఇద్దరం కలిసి తొలిచాం. లోపల గడ్డి వేసి కాల్చి, బరకంతా గీకి, నున్నగా చేశాను. నా దోనె అనుకుంటూ చేశాను. అది నీళ్ళలో దిగిన రోజు మధ్యాహ్నం అయ్య వల అల్లుకుంటూ చెప్పాడు.

"ఏరువాకకి నిన్ను కామందుగారింట్లో దింపాలే నాంచారీ. చెట్టు ఊరికే ఇవ్వలేదు."

"నన్నడిగావా అయ్యా?"

"అడిగేదేముంది? మీ అక్క ఎల్లలేదా?"

"ఎల్లింది. చూశాను కాబట్టే నేనెల్లను."

"మరి చెట్టో?"

"దాని ఖరీదు నేనిత్తాను. ఏలూరు పోయి కూలి చేసి ఇత్తాను. కూడూ గుడ్డకి మాత్రం పోను."

"నీకు కూలి ఎవరిత్తారే? నీకేం వచ్చని?"

"కామందుగారింటికి పనికొచ్చేదాన్ని ఏలూరుకి పనికిరానా?"

అయ్య ముడి బిగించాడు. ఇంకో ముడి వేసి అదీ బిగించాడు. "ఏరువాక దాకా చూసుకో. కుదిరితే కుదిరింది. కుదరకపోతే మళ్ళీ నోరెత్తకూడదు" అన్నాడు. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. ఏరువాకకి గట్టిగా మూడు నెలలుంది.

ఏలూరులో మా అయ్య తోబుట్టువు పేరమ్మత్త ఉండేది. మొగుడు పోయాక చేపల తట్ట నెత్తికెత్తుకుని, కాలవ గట్టు పక్కన నడిమధ్య ఒకే గుంజ ఉండే ఒంటినిట్టాడి పాకలో ఒక్కతే బతికేది. చుట్ట అడ్డపొగ తాగేది. అంటే కాలే కొస నోట్లో పెట్టుకుని, ఆ పక్కనుంచే మాట్లాడేది. అత్త కోపంగా ఉందో లేదో చుట్ట బయటి కొస ఎలా ఊగుతుందో చూసి చెప్పొచ్చు. నేను వెళ్ళి సంగతంతా చెబితే, "అయితే నువ్వు పారిపోయొచ్చావా, పంపితే వచ్చావా" అంది. "చెప్పొచ్చానత్తా" అన్నాను. "సరే, చెప్పొచ్చినదానివి కూడు తిను" అని ముందు రోజు చేపల పులుసు పెట్టింది. ముందు రోజు పులుసు రుచి మీ ఫ్రిజ్జుల్లో రాదు, మట్టి దాకలో ఊరాలి.

అత్త మొదట నన్ను దొరసానుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ వంటమనిషికి చేపలు వేసేది కాబట్టి చనువు. ఆయా పని ఉందన్నారు. తెల్ల చీర ఇస్తారు, భోజనం పెడతారు, నెల తిరగ్గానే జీతం ఇస్తారు, కానీ మూడేళ్ళు ఆ ఆవరణలోనే ఉండాలి. అత్తకి అది బంగారంలా కనిపించింది. నాకూ బాగానే ఉంది, వార్డులోకి అడుగుపెట్టేదాకా. చేపల పొట్టలు కోసీ కోసీ గోళ్ళలో వాసన పోని దాన్ని, ఫినాయిలు వాసనకి కళ్ళు తిరిగి వరండాలో పడిపోయాను. రోగుల్ని చూసుకోవడానికి వెళ్ళి నేనే మంచమెక్కాను. అక్కడి నర్సమ్మ మంచిది, మొహం మీద నీళ్ళు కొట్టి, "అలవాటవుతుందిలే అమ్మా, నిదానంగా ఆలోచించుకుని రా" అంది. ఆలోచిస్తానన్నాను. ఆ పని ఒకటి చేతిలో ఉందనుకుంటే కాస్త ధైర్యంగా ఉండేది.

తర్వాత గోనెసంచులు నేసే జూట్ మిల్లు. గేటు మేస్త్రి నన్ను ఎగాదిగా చూసి, "రేపు కూతకి రా, చూద్దాం" అన్నాడు. కూతంటే మిల్లు సైరను. ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం రాయి. మా లంకల నుంచి గట్టుకి పోయే పెద్ద పడవవాడు మూడుసార్లు శంఖం ఊదేవాడు. మొదటిది విని పొయ్యి మీద కూడు దించుకోవాలి. రెండోది విని తల దువ్వుకోవాలి. మూడోది విని లేవాలి. మూడోది ఊదకుండా పడవ కదిలిందా, లంకంతా వాడి మీదికి పోట్లాటకి వెళ్ళేది. నాకు తెలిసిన లోకం అది. మర్నాడు తెలతెలవారుతుండగానే మిల్లు గోడ పక్కన కూర్చుని చద్దన్నం మూట విప్పాను. మొదటి కూత కూసింది. జనం గబగబా లోపలికి పోతున్నారు. ఏలూరు వాళ్ళకి ఇంత కంగారేంటో అనుకున్నాను. రెండో కూత కూసింది. చెయ్యి కడుక్కుని, జుట్టు ముడేసుకుని, కొంగు సర్దుకుని కూర్చున్నాను. గేటు మూసేశారు. సరేలే, మూడోదానికి తీస్తారు కదా అని ఇంకాసేపు చూశాను. ఎంతకీ కూయదే. అప్పుడు వెళ్ళి గేటు కొట్టాను.

"మేస్త్రిగారండీ, తలుపేసేశారేంటండీ?"

"కూత అయిపోయింది కదమ్మా."

"రెండేగా అయ్యాయండి. మూడోదానికి లేద్దామని కూర్చున్నానండి."

ఆయన ఊచల్లోంచి నా వంక చూశాడు. "ఏ ఊరు మీది?"

"కొల్లేరండి."

"ఆయ్, అదీ సంగతి. మూడోది సాయంత్రం కూస్తుందమ్మా, ఇంటికి పోడానికి. కూర్చుంటావా మరి?"

లోపల నలుగురు నవ్వారు. ఆ రోజు నుంచి ఆ గేటు దగ్గర నా పేరు మూడోకూత. పని మాత్రం ఇవ్వలేదు. సమయానికి రాలేనిదానికి పనెందుకన్నారు. అందరికంటే ముందొచ్చి కూర్చున్నది నేనే, ఆ మాట వినిపించుకున్నవాళ్ళు లేరు.

ఆ ఉక్రోషంలో రైలెక్కి తాడేపల్లిగూడెం పోయాను. అక్కడ బియ్యం మిల్లులుండేవి. మా లంక ఆడవాళ్ళు కొందరు అక్కడ వడ్లు ఉడకబెట్టి ఎండబోసే పనిలో ఉన్నారు. ఊరు చేరకముందే ఉడికిన వడ్ల వాసన రైల్లోకి వచ్చేది. కళ్ళం నిండా వడ్లు పోసి, కాళ్ళతో చాళ్ళు తీస్తూ ఎండలో నడవాలి. బురదలో పెరిగిన కాళ్ళు కదా, నాకది నడకలా ఉండేది, పనిలా ఉండేది కాదు. వారం తిరిగింది. కూలి ఇచ్చేరోజు అక్కడి మేస్త్రి నా వంతు రాగానే, "మీ మగాళ్ళెవరు?" అన్నాడు.

"ఎవరూ రాలేదండి. నేనొక్కదాన్నే."

"ఆడాళ్ళ కూలి ఆడాళ్ళ చేతికివ్వం. తర్వాత మొగుళ్ళొచ్చి గొడవ చేస్తారు. మీ అయ్యని రమ్మను."

"వడ్లు తొక్కింది నా కాళ్ళండి. చెయ్యి చాపడానికి మా అయ్య రావాలా?"

"ఇక్కడ పద్ధతంతే."

వెళ్ళి ఆరబోసిన వడ్ల మధ్య కూర్చున్నాను. ఉత్తరాన మబ్బు ఎక్కుతోంది. వాన పడేలోగా వడ్లు కుప్ప చెయ్యాలి. మిగతా ఆడవాళ్ళు పారలు పట్టుకుని నిలబడ్డారు గానీ, నా మీదనుంచి లాగలేక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయన లే అన్నాడు, లేవలేదు. నాలుగు చినుకులు పడ్డాయి. ఆయన చరచరా వచ్చి నా కూలి నా ఒళ్ళో పడేసి, "ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కకు" అన్నాడు. "మీరు పిలిచినా రానండి" అన్నాను. అలా అని ఏదో సాధించేశానని రాయకు. మిగతావాళ్ళ కూలి ఎప్పటిలాగే మగవాళ్ళ చేతికే పోయింది. నేను నాది తెచ్చుకుని రైలెక్కాను, అంతే. ఆ మిల్లు పేరెందుకులే, ఇప్పుడు లేదు.

తిరిగి వచ్చాక అత్త నన్ను కూర్చోబెట్టింది. తట్ట మీద తడి గోనె కప్పుకుంటూ, "ఎందుకే ఈ తిరుగుళ్ళు? నా తట్ట పట్టు. నాకు మోకాళ్ళు పోతున్నాయి. కొల్లేటి చేప మనకి కొత్తా? మిల్లు కూత నీకేమన్నా మొగుడా, పిలవగానే పరిగెత్తడానికి?" అంది. నిజమే. అత్తకి యజమాని లేడు. ఇష్టమైనప్పుడు లేచేది, బేరం నచ్చకపోతే తట్ట ఎత్తుకుని వచ్చేసేది. నేను రెండు రోజులు అటూ ఇటూ వేసి చూసుకున్నాను. అత్త తట్ట పడితే మళ్ళీ కొల్లేటి మీదే బతకాలి. గాలివానొస్తే అయ్య దోనే పోతుంది, నా తట్టా పోతుంది, మళ్ళీ కామందు గుమ్మమే. ఆసుపత్రిలో చేరితే మూడేళ్ళు గోడల మధ్య. జూట్ మిల్లులో దుమ్ముంది, చెవులు పగిలే చప్పుడుంది, నన్ను చూసి నవ్వినవాళ్ళున్నారు. కానీ ఆ మేస్త్రి వెక్కిరింతకి అన్నమాటే నా మనసులో తిరిగింది, సాయంత్రం ఇంటికి పోడానికి ఒక కూత ఉంటుందని. మా అక్క మూడేళ్ళు చేసిన పనికి ఆ కూతే లేదు. పొద్దున్న మొదలెట్టిందేగానీ అయిపోయిందని చెప్పేవాళ్ళు లేరు. నాకు పనికి ఒక మొదలూ ఒక చివరా కావాలి. ఆ చివర తర్వాత నేను ఎవరి మనిషినీ కాకూడదు. "మిల్లుకే పోతానత్తా" అన్నాను. అత్త చుట్ట తీసి పక్కన పెట్టింది. "గోనెపీచు పీల్చుకుంటూ చావు" అంది. రెండు రోజులు మాట్లాడలేదు. మాట్లాడకుండానే నాకిష్టమని కొర్రమీను తలకాయలు వండిపెట్టింది.

ఎనిమిది రోజులు, రోజూ మొదటి కూతకంటే ముందే గేటుకి ఎదురుగా నిలబడ్డాను. "ఏం మూడోకూతా, ఇవాళ ఎన్ని కూస్తే లేస్తావు" అనేవాడు మేస్త్రి. "మీరు కూయకముందే లేచానండి" అనేదాన్ని. తొమ్మిదోరోజు ఎవరో పురిటికి వెళ్ళిందని నన్ను లోపలికి రమ్మన్నాడు. తెగిన నూలు ముడివేసే పని. నాకంటే వేగంగా ముడి వేసేవాళ్ళు ఆ వరసలో లేరు. కానీ నేను వేసేది వల ముడి. చేప గింజుకున్నా జారని ముడి. అది మగ్గంలో ఇరుక్కుని, సంచి గుడ్డంతా లాక్కుపోయింది. మళ్ళీ తిట్లు. మళ్ళీ నేర్చుకున్నాను, మగ్గంలోంచి జారిపోయేలాంటి సన్న ముడి. శనివారం నా పేరు పిలిచి నా చేతిలో కూలి పెట్టారు. అయ్యని రమ్మనలేదు.

ఏరువాకకి నాలుగు రోజుల ముందు, ఆదివారం, కూడబెట్టింది కొంగున కట్టుకుని, అయ్యని తీసుకుని కామందుగారి ఇంటికి, నువ్వు గేటు దగ్గర చూసిన ఆ ఇంటికే, వెళ్ళాను. చెట్టు ఖరీదులో ఇది సగం, మిగతాది దీపావళికిస్తానని చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, గొంతెత్తి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. అరుగు మీద కూర్చుని నవ్వాడు, పక్కనున్న నలుగురూ నవ్వారు.

"చూడమ్మా, నేను డబ్బడిగానా? చెట్లమ్ముకునే ఇల్లలా కనిపించిందా మాది? ఇంట్లోకి మనిషి కావాలి, మీ అయ్య ఇస్తానన్నాడు. అంతే కదమ్మా మన పద్ధతి."

"చెట్లు మీరు అమ్ముకోకపోతే, మనుషుల్ని మేమూ అమ్ముకోమండి అయ్యగారూ."

అరుగు మీదున్నవాళ్ళు నవ్వడం మానేశారు. అయ్య అప్పటిదాకా నేల చూస్తున్నాడు. తల ఎత్తి, "మనిషే కదండి కావాలి. నేను వత్తానండి" అన్నాడు.

"నువ్వేం చేస్తావయ్యా? ఆడపిల్ల పని. అంట్లు తోముతావా?"

"తోముతానండి."

నా డబ్బు ముట్టుకోకుండానే అయ్యని ఏరువాకకి రమ్మన్నాడాయన. దారిలో, "నువ్వెందుకయ్యా" అన్నాను. "మాటిచ్చింది నేను. నువ్వివ్వలేదుగా" అన్నాడు. కోపంగా అనలేదు. ఇది బాగా రాసుకో. నేను పోతానని ఒక్క మాటంటే ఆయన ఆగిపోయేవాడు. నాకు తెలుసు. అనలేదు. ఏరువాక నాడు ఆయన దోనెలో మట్టిపెళ్ళలు నింపి, ఎండకి పగలకుండా రేవు పక్కన నీళ్ళలో ముంచి, గట్టెక్కి వెళ్ళిపోయాడు. నేను ఆ పొద్దున కూతకి మిల్లులో ఉన్నాను.

ఆ ఏడాదంతా నన్ను అనని నోరు లేదు. కూతురు మిల్లులో కొంగు బిగించుకుంటే తండ్రి గిన్నెలు తోముతున్నాడన్నారు. లంకకి వెళితే ఆడవాళ్ళు మొహం తిప్పుకునేవాళ్ళు. నన్ను అంతగా తిట్టిన పేరమ్మత్తే, చేపల రేవులో ఒకావిడ ఆ మాటంటే, "మీ ఆయన ఎప్పుడన్నా ఒక గిన్నె తోమాడేంటే? మా వాడు తోముతున్నాడు. మా వాడే మగాడు" అంది. కుదిరిన ఆదివారమల్లా పొగాకు పట్టుకుని వెళ్ళేదాన్ని. అయ్య దొడ్లో నూతి పక్కన, గంగాళాలు బోర్లించి చింతపండూ బూడిదా పెట్టి తోముతూ ఉండేవాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన గోళ్ళు అంత తెల్లగా ఉండడం అప్పుడే చూశాను. నూతి నీళ్ళు పుక్కిలించి ఉమ్మి, "ఈ నీళ్ళు ఏం చెప్పవే" అనేవాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చేది. ఏడుపొచ్చింది కాబట్టి తప్పు చేశాననుకున్నానేమో అనుకోకు. ఏడుపు వేరు, తప్పు వేరు. నేను వెళ్ళి ఉంటే నా తర్వాత నా కూతురు వెళ్ళేది. దానికి తాటిచెట్లు కరువా?

మీ రోజులు మంచివే, కాదనను. ఎన్ని గంటలకి రావాలో, ఎంతిస్తారో కాయితం మీద రాసిచ్చాక పనికి పోతారు. జీతం మీ పేరున బ్యాంకులో పడుతుంది, మగాణ్ణి తీసుకురమ్మనేవాళ్ళు లేరు. కానీ నిన్న అన్నం ముందు కూర్చుని ఫోను మోగగానే ఎంగిలి చేత్తో లేచావు. ఆదివారం కదే అంటే, మా ఆఫీసులో అంతే అమ్మమ్మా అన్నావు. మరి మీకు ఇంటికి పొమ్మని కూత కూసేదెప్పుడు? నేను గేటు బయట ఎనిమిది రోజులు నిలబడింది ఆ కూత కోసం. దాన్ని మీరు అడగను కూడా అడగడం లేదు. ఇది కోపంతో రాయించడం లేదు. కోపమే, సరే, అలాగే రాయి.

మళ్ళీ ఏరువాక వచ్చింది. మిల్లులో ఒకరోజు సెలవు పెట్టి అయ్యని తెచ్చుకోవడానికి వెళ్ళాను. పున్నమి కదా, దొడ్లో ఎడ్లకి కొమ్ములు కడిగి పసుపు రాస్తున్నారు, జనం నిండుగా ఉన్నారు. కామందుగారి భార్య లోపలినుంచి కొత్త బట్ట పట్టుకొచ్చింది. చూస్తే చీర. ఎర్రంచు ఆకుపచ్చ నేతచీర. "ఆడపిల్ల పనికి చీరే పెట్టే ఆనవాయితీ అయ్యా. నువ్వు ఆ పనికే కుదిరావు మరి" అంది. వెక్కిరింతో, ఆవిడకి తెలిసిన పద్ధతి అదొక్కటేనో, ఇప్పటికీ నాకు తెలియదు. ఎడ్లు కడిగేవాళ్ళు మాత్రం నవ్వారు. ఒకడు, "ఇక్కడే కట్టుకు చూపించు మావా" అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. చీర లాగి అరుగు మీద పడెయ్యాలని చెయ్యి చాపాను. అయ్య నా చెయ్యి పక్కకి తీశాడు. చీర రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు. తర్వాత మడతలు విప్పి, ఒక కొస నా చేతికిచ్చి, "గట్టిగా పట్టుకోవే" అని రెండో కొసనుంచి తలకి చుట్టుకోవడం మొదలెట్టాడు. పదహారు మూరల చీర. చుట్టూ తిరిగి చుట్టుకుంటుంటే, గంగాళం బోర్లించినంత తలపాగా అయింది. ఎర్రంచు సరిగ్గా నుదుటి మీదికి వచ్చేలా సర్దుకున్నాడు. నవ్వినవాళ్ళు చూస్తూ నిలబడ్డారు. "ఎల్లొత్తానండి అమ్మగారూ" అని దణ్ణం పెట్టి, దొడ్డిదారిన కాకుండా వీధిగుమ్మం లోంచి బయటికి నడిచాడు.

పేరమ్మత్తకి చూపించి మర్నాడు లంకకి పోతానన్నాడు. స్టేషను దాకా గట్టు మీద నేను వెనక, ఆయన ముందు. పొలాల్లో అరకలు కట్టినవాళ్ళు ఆపి మరీ చూశారు. స్టేషన్లో ఇంకా చూశారు. "తీసెయ్యి అయ్యా, అందరూ చూత్తన్నారు" అన్నాను. అంత గొడవలు పడినదాన్ని, నేనే అన్నాను ఆ మాట. ఆయన వినిపించుకోలేదు. రైలొచ్చింది. పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దాయన జరిగి చోటిస్తూ, తలపాగా వంక చూసి, "పెళ్ళికా అండీ?" అన్నాడు.

"కాదండి," అన్నాడు మా అయ్య, సర్దుకుని కూర్చుంటూ. "పని ముగించుకుని ఇంటికి పోతున్నానండి."